ఫొటోకి గిట్టుబాటు ధర

ఫొటోగ్రఫీకి తొలి బేరం ఫ్రాన్సులో కుదిరింది. డాగ్యుయేర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని 1839లో అక్కడి ప్రభుత్వం కొనేసింది. ధరేమిటంటే జీవితాంతం పింఛను: డాగ్యుయేర్‌కి ఏడాదికి 6,000 ఫ్రాంకులు, అప్పటికే కన్నుమూసిన అతని భాగస్వామి నియెప్స్ తరఫున కొడుక్కి 4,000. ఆగస్టు 19న గుట్టంతా లోకానికి విప్పి చెప్పేశారు. అందుకే ఏటా ఆ తేదీకి మన ఊళ్లలో ఫొటోగ్రాఫర్ల సంఘాలవాళ్లు డాగ్యుయేర్ పటానికి దండ వేసి కేకు కోస్తారు. కేకు అయిపోయాక మాట రేట్ల మీదికి మళ్లుతుంది. విద్య ఖరీదు తేలి రెండు వందల ఏళ్లు కావస్తోంది, విద్యగలవాడి కూలే ఇంకా తేలలేదు.

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలంలో ఈ రేట్ల తగువు తేలిగ్గా తీరాలి నిజానికి. చెరకు పండించినవాళ్లకి గిట్టుబాటు ధర గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గోవాడ చక్కెర కర్మాగారానికి చెరకు తోలి బిల్లు కోసం ఎదురుచూసినవాళ్లు, అనకాపల్లి మార్కెట్లో బెల్లం రంగు చూసి వ్యాపారి ధర కోసేస్తుంటే నోరు మెదపలేక నిలబడ్డవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే ఉన్నారు. అలాంటి రైతే కూతురి పెళ్లి కుదిరాక వడ్డాదిలోనో చోడవరంలోనో స్టూడియో మెట్లెక్కి, “ఏటి గురువుగారూ, నొక్కడమే కదా, దానికింతా?” అంటాడు. కొనేవైపు నిలబడగానే బెల్లం వ్యాపారి భాష నోటికి వచ్చేస్తుంది. నన్నడిగితే, చెరకుకి మనం అడిగే న్యాయమే ఫొటోకీ ఇస్తే చాలు. వేరే సూత్రం వెతకనక్కర్లేదు.

చెరకు ధర ఎలా కడతారో చూడండి. 2025–26 సీజనుకి కేంద్రం క్వింటాలుకి 355 రూపాయలంది, 10.25 శాతం చక్కెర రికవరీ లెక్కన. ఆ అంకె వెనక 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ఉంది. ధర కట్టేటప్పుడు ఏమేం చూడాలో అందులో వరసగా రాశారు: సాగు ఖర్చు, అదే నేలలో మరో పంట వేస్తే వచ్చేది, కొనేవాళ్లకి చక్కెర న్యాయమైన ధరకి దొరకడం, పిప్పి మీదా మొలాసిస్ మీదా వచ్చే రాబడి, రైతు మోసే రిస్కుకి తగ్గ లాభం. ఈ చివరిది 2009లో చేరింది. ఇదే జాబితా పట్టుకుని స్టూడియోలోకి వెళదాం.

ముందు సాగు ఖర్చు. రీలు రోజుల్లో అది కాగితంలో దాక్కుని ఉండేది. రీలుకి 36 బొమ్మలు, ఒక్కో కాపీకి ఇంత అని ధర. ఫొటోగ్రాఫర్ నిద్ర, ప్రయాణం, పనితనం అన్నీ ఆ కాపీ ధరలోనే కలిసిపోయేవి. కొనేవాళ్లకి చేతిలో కాగితం కనబడేది కాబట్టి పేచీ ఉండేది కాదు. డిజిటల్ వచ్చాక కాగితం పోయింది, దాని చాటున దాగిన కూలి బయటపడింది. బయటపడ్డ కూలిని చూసి అందరూ ఉలిక్కిపడుతున్నారు.

ఒక లెక్క వేద్దాం. ఓ కుర్రాడు కెమెరా, లెన్సులు, లైట్లు, కంప్యూటరు కలిపి 4 లక్షలు పెట్టాడనుకోండి. సామాను అయిదేళ్లు పనికొస్తుంది, ఏడాదికి 40 పెళ్లిళ్లు దొరుకుతాయి. అంటే 200 పెళ్లిళ్లకి 4 లక్షలు, పెళ్లికి 2,000 అరుగుదలే పోయింది. ఇది గాల్లో మాట కాదు. మధ్యరకం కెమెరాల షట్టరుకి కంపెనీలే లక్ష నుంచి రెండు లక్షల నొక్కుల ఆయుష్షు చెబుతాయి, ఒక్క పెళ్లిలోనే మూడు వేలసార్లు నొక్కేవాళ్లున్నారు. షాపు అద్దె, కరెంటు, నెట్టు నెలకి 8,000 అయితే ఏడాదికి 96,000, పెళ్లికి 2,400. రాట వేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా రెండు రోజులు, ఆ తర్వాత కంప్యూటరు ముందు నాలుగు రోజులు. రోజుకి వెయ్యి చొప్పున 6,000. లైటు పట్టే కుర్రాడికి రెండు రోజులకి 1,600. మొత్తం 12,000. ఇందులో పెట్రోలు లేదు, ల్యాబులో ఆల్బమ్ షీటు ఒక్కటి కూడా ఇంకా ప్రింటు కాలేదు. ఆల్బమ్‌తో కలిపి పదిహేను వేలకి చేసేస్తాననేవాడు కెమెరాని కొద్దికొద్దిగా అమ్ముకు తింటున్నట్టే. అది పాడైననాడు అప్పు తప్ప దారి ఉండదు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు, షాపు అద్దె మాత్రం ఉంటుంది. ఆ ఖాళీ నెలల బరువు మాఘమూ వైశాఖమూ మోయాల్సిందే. ఇక మరో పంట సంగతి: ఆ కుర్రాడు అచ్యుతాపురం కంపెనీల్లోనో పరవాడ ఫార్మా సిటీలోనో చేరితే నెల తిరిగేసరికి జీతం వస్తుంది. కెమెరా అంతకన్నా తక్కువ ఇస్తే ఏదో ఒక మూఢంలో బస్సెక్కి వెళ్లిపోతాడు.

పిప్పి, మొలాసిస్ అంటే ఇక్కడ ఫ్రేములూ మగ్గులూ కీచెయిన్లూ. ఫొటో మగ్గు చాలా సులువైన వ్యవహారంలా కనబడుతుంది. సబ్లిమేషన్ ఇంకుతో బొమ్మని తిరగేసి కాగితం మీద ప్రింటు చేసి, పూత ఉన్న మగ్గుకి చుట్టి, దాదాపు 180 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు బిగిస్తే అయిపోయింది. కాగితం కాస్త జరిగితే పెళ్లికొడుక్కి రెండో నీడ వస్తుంది, ఆ మగ్గు చెత్తబుట్టలోకి. ఒక్క మగ్గుకి ధర కట్టేవాడు పాడైన మగ్గు భాగం కూడా అందులో వేసుకోవాలి. ఆపైన వాట్సాప్‌లో అరిగి వచ్చిన ఫొటోని బాగుచేసే సమయం ఒకటి. చక్కగా రావాలంటే 4×6 సైజుకే 1,200×1,800 పిక్సెళ్లు కావాలి, 12×18 పటానికి రెండువైపులా దానికి మూడింతలు. ఫోన్లో ముచ్చటగా కనబడ్డ బొమ్మ గోడమీదికెక్కితే మసకబారడానికి కారణం ఇదే.

వీటికి ఇంకో గుణం ఉంది. మీ అబ్బాయి బొమ్మా పేరూ వేసిన మగ్గు మీరు తీసుకెళ్లకపోతే ఇంకెవరికీ పనికిరాదు. బట్టలకొట్లో చీర నచ్చలేదంటే మడిచి బీరువాలో పెడతారు, దీన్ని పెట్టే బీరువా లేదు. అందుకని అడ్వాన్సు అడిగితే కోపగించుకోకూడదు. పేరులో అక్షరం తప్పు మీరు రాసి పంపారా, మళ్లీ డబ్బు మీదే. వాళ్లు తప్పుగా వేశారా, ఊరికే చేసివ్వాల్సింది వాళ్లు.

న్యాయం రెండువైపులా కోసే కత్తి కాబట్టి స్టూడియోవాళ్లకీ నాలుగు మాటలు చెప్పాలి. ప్యాకేజీ అని ఒకే మూట కట్టేసి అందులో డ్రోను, ఎల్‌ఈడీ తెర, ప్రీవెడ్డింగు కలిపేస్తే ఆడపిల్ల తండ్రికి దేనికెంతో తెలియదు. విడదీసి రాయాలి. షీట్లెన్ని, పెంచితే షీటుకెంత, అట్టకెంత, ఎన్నాళ్లకి ఇస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. మొహం చూసి చెప్పే రేటు అన్నిటికన్నా చెడ్డది. బేరమాడతారని ముందే పెంచి చెబితే, గట్టిగా మాట్లాడేవాడు తగ్గించుకుపోతాడు, మొహమాటస్తుడు ఆ తేడా కూడా కట్టిపోతాడు. గోడమీద రేట్ల బోర్డు మొహమాటస్తుల పక్షాన మాట్లాడుతుంది. తగ్గించాల్సి వస్తే షీట్లు తగ్గించాలి, రెండో కెమెరా మానాలి. పని అంతే ఉంచి ధర మాత్రం కోస్తే ఆ కోత ఎక్కడో ఎడిటింగులో బయటపడుతుంది.

ఫైళ్ల పేచీ ఇంకొకటి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి కాపీరైటు తీయించుకున్నవాళ్లదేనని 1957 నాటి చట్టం 17వ సెక్షను చెబుతుంది. మూడు వేల ముడి ఫైళ్లనీ పెన్‌డ్రైవులో పోసివ్వాలా అన్నది వేరే సంగతి, అది ముందు అనుకున్న మాట ప్రకారమే. పెళ్లయ్యాక “అది వేరే చార్జీ” అనడం మాత్రం బేరం కాదు, ఇరకాటం.

ఇరకాటమంటే గుర్తొచ్చేది పెద్దకార్యం పటం. ఇంట్లో ముసలాయన పోతాడు. చూస్తే ఒక్క మంచి ఫొటో ఉండదు. ఆధార్ కార్డునో, ఎవరి పెళ్లి గుంపు ఫొటోలోనో మూడో వరసలో ఉన్న మొహాన్నో పట్టుకొస్తారు. మొహం కత్తిరించాలి, చొక్కా తొడగాలి, వెనక నీలిరంగు వేయాలి, రేపటికి ఫ్రేము కావాలి. ఆ ఇంటివాళ్లు బేరమాడే స్థితిలో ఉండరు, ఎంతంటే అంత ఇస్తారు. గిట్టుబాటుకీ దోపిడీకీ మధ్య గీత అక్కడ తెలుస్తుంది. బోర్డు మీద ఉన్న రేటే తీసుకునేవాడి దగ్గరికి ఆ ఇంట్లో తర్వాతి పెళ్లి తనంతట తానే వస్తుంది.

అంతగా బేరమాడాలని ఉన్నవాళ్లకి ఒక సలహా. మాఘమాసంలో ముహూర్తం ముందురోజు కాదు, ఆషాఢంలో వెళ్లండి. ఈగలు తోలుకుంటున్న స్టూడియోలో సగం ధరకి అడిగినా తప్పులేదు, ఇచ్చినా నష్టం లేదు. వెళ్లేటప్పుడు ఇంట్లో తాతనీ నాయనమ్మనీ వెంటబెట్టుకెళ్లి, నిదానంగా కూర్చోబెట్టి ఒక మంచి ఫొటో తీయించండి. ఆధార్ కార్డు లోంచి మొహం కత్తిరించే ఖర్చుకన్నా అది ఎప్పుడూ చవకే.