నిశ్చితార్థం అయ్యాక ఒక మాట

నిశ్చితార్థం అయిన మనం చీరలు, మండపం, ఫొటోషూట్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. కట్నం మాటకొస్తే మాత్రం "అది పెద్దవాళ్లు చూసుకుంటారు" అని తప్పుకుంటాం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరమే. అయినా మన కృష్ణా డెల్టాలో ఎకరాల లెక్క తేలాకే తాంబూలాలు మార్చుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గడప లోపలికి చట్టం రాలేదు కాబట్టి నోరు విప్పాల్సింది పెళ్లి చేసుకునే ఇద్దరే.

"అమ్మాయికి వాటా ఇస్తే తప్పేంటి?" అంటారు. తప్పు లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 నుంచే మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు వచ్చింది. ఆ వాటా ఆమె పేరున ఉండాలి, పెళ్లికి షరతు కాకూడదు. "కట్నం లేకపోతే పరువు పోతుంది" అనేవాళ్లూ ఉన్నారు. కానీ అంతకంటే పెద్ద కట్టుబాటునే దాటినవాళ్లున్నారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారబ్బాయి లవణం 1960లో కులం దాటి కవి జాషువా గారమ్మాయి హేమలతను పెళ్లాడారు. వాళ్లను లోకం గౌరవంగానే తలచుకుంటోంది. ముహూర్తానికి ముందే కట్నం మాట మీరిద్దరూ మాట్లాడుకోండి.