ఒక్కటి ఎక్కువైతే

మాది అరటితోటల వూరు. మా నాన్నగారు నాటే అరటికి గింజ వుండదు, పిలకతోనే తోట నడుస్తుంది. కారణమేమిటో బి.యస్సీ.లో చేరాకగాని నాకు తెలియలేదు. మనం తినే అరటి రకాల్లో చాలావాటికి క్రోమోజోములు మూడు వరసలు, మొత్తం 33. మూడూ నిండు వరసలే గనుక చెట్టు నిక్షేపంగా పెరుగుతుంది, గింజ మాత్రం కట్టదు.

మనిషి సంగతి వేరు. మనకి 46 అని 1956లో తియో, లెవాన్ అనే శాస్త్రజ్ఞులు తేల్చారు. 1959లో ఫ్రాన్సులో లెజూన్, గోత్యే, తుర్పాన్ అనే ముగ్గురు, డౌన్ సిండ్రోము పిల్లల్లో 47 వున్నాయని ప్రకటించారు. లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ లక్షణాలను 1866లోనే వర్ణించినా, కారణం దొరకడానికి 93 ఏళ్ళు పట్టింది. ఎక్కువైనది 21వ క్రోమోజోము, అన్నిటిలోకీ చిన్నది. తక్కినవన్నీ రెండేసి వుండి అదొక్కటే మూడయ్యేసరికి తూకం చెడుతుంది.

ఈ పాఠం నాకు పుస్తకంతో ఆగలేదు. మా పెదనాన్నగారి అమ్మాయికి 24వ యేట యిటువంటి బాబు పుట్టాడు. వొళ్ళు మెత్తన, పాలు తాగాలంటే ఆయాసం. రక్తపరీక్ష చూసి డాక్టరుగారు సంగతి చెప్పగానే అత్తవారింట తీర్పు అయిపోయింది. ఐదోనెలలో గ్రహణంపూట అక్క కత్తిపీట ముందు కూర్చుందిట! తల్లీబిడ్డల్ని పుట్టింట దించి వెళ్ళిపోయారు.

నేనే వెళ్ళాను. "అత్తయ్యగారూ, ఐదోనెల మాటెందుకండీ? గర్భం నిలవకముందే జరిగిపోయింది" అన్నాను.

"ఐతే మా వంశంలో లోటుందంటావా అబ్బాయ్!" అందావిడ.

వంశమూ కాదు. అండం తయారయ్యేటప్పుడు 21వ జత విడిపోకుండా రెండూ ఒకేవైపు పోతాయి. కొన్నిసార్లు శుక్రకణంలోనూ అంతే. నూటికి 95 మంది పిల్లల్లో కారణం యిదే. ఎవరో చేసిన పనివల్ల కాదు. తల్లికి వయసు పెరిగేకొద్దీ యీ అవకాశం పెరుగుతుంది. 20 యేళ్ళ తల్లులకు సుమారు 1500 కాన్పుల్లో ఒకటైతే, 40 యేళ్ళవారికి నూటికొకటి. అలాగని చిన్నవయసు తల్లులకు రాదని కాదు, మా అక్కే సాక్ష్యం.

క్రోమోజోముని తీసెయ్యలేం. కాని చెయ్యవలసినవి చాలా వున్నాయి. ఈ పిల్లల్లో దాదాపు సగంమందికి గుండెలో లోపం వుంటుంది, చాలావాటిని ఆపరేషనుతో సరిచేయవచ్చు. చెవులు, థైరాయిడు పరీక్ష చేయిస్తూ, నడక, మాట ఓపిగ్గా నేర్పాలి. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో వీళ్ళ సగటు ఆయుర్దాయం పాతికేళ్ళు, యిప్పుడు అరవై దాకా వచ్చింది. ఎక్కువైన క్రోమోజోము అలాగే వుంది, మారింది మనుషుల ఆదరణ.

మా బావ వచ్చి బాబుని ఎత్తుకున్నాడు. అత్తయ్యగారు యింకా రాలేదు. మిత్రులారా, క్షయకరణ విభజన మనకి పరీక్షలో పదిమార్కుల ప్రశ్న. సెలవులకి యింటికి వెళ్ళినప్పుడు దాన్ని మన అరుగుల మీద కూడా చెప్పండి. అక్కడ ఎవరో ఒక తల్లి, చెయ్యని తప్పుకి తలవంచుకుని కూర్చుని వుంటుంది.