పచ్చగా ఉన్నంత మాత్రాన

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఎవరూ అడిగి తీసుకోని పని ఒకటుంది. టెస్టులు నడిపే ఫ్రేమ్‌వర్కునూ బిల్డ్ టూల్‌నూ కొత్త వెర్షన్‌కి మార్చడం. అది పూర్తయిన రోజున కస్టమర్‌కి కనిపించే మార్పేమీ ఉండదు. కొత్త బటన్ రాదు, పేజీ తొందరగా తెరుచుకోదు, డెమోలో చూపడానికి ఏమీ మిగలదు. అయినా నాకు ఈ పనంటే ఇష్టం. కోడ్ సరిగ్గా ఉందో లేదో చెప్పేవి టెస్టులు. ఆ టెస్టుల మాట నమ్మదగిందేనా అని నిలదీసే అవకాశం మనకు ఎప్పుడో ఏళ్లకోసారి, ఈ పని మీద పడినప్పుడే వస్తుంది.

జావా వాళ్లకు టెస్టంటే జేయూనిట్. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా ఊప్స్‌లా సదస్సు కోసం జ్యూరిచ్ నుంచి అట్లాంటాకు వెళ్తూ విమానంలోనే దాని తొలి రూపం రాశారు. స్మాల్‌టాక్ భాషకు అలాంటి పనిముట్టును బెక్ అంతకుముందే తయారు చేసి ఉన్నాడు. 2006లో అనోటేషన్లతో జేయూనిట్ 4 వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ల పాటు అదే రాజ్యమేలింది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఆ కాలంలో పని నేర్చుకున్న మా తరం చేతులకు అదే అలవాటు. 2015లో దాన్ని నిర్వహించే కొద్దిమంది జనం దగ్గర చందాలు పోగు చేసి, పని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. 2017 సెప్టెంబరులో జేయూనిట్ 5 విడుదలైంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చినది దాని నిర్మాణం. టెస్టుల్ని వెతికి నడిపించే ప్లాట్‌ఫారమ్ ఒకటి, కొత్త పద్ధతిలో టెస్టులు రాసుకునే జూపిటర్ ఒకటి, పాత 3, 4 వెర్షన్ల టెస్టుల్ని అలాగే నడిపే వింటేజ్ ఒకటి. వేల టెస్టులున్న ప్రాజెక్టును ఒక్క రాత్రిలో మార్చలేమని ఆ మనుషులకు తెలుసు. పాతవీ కొత్తవీ ఒకే బిల్డ్‌లో పక్కపక్కన నడిచే వీలు కల్పించారు. పాత కోడ్ పోషిస్తున్న వాళ్ల మీద అంత గౌరవం చూపిన మార్పులు నేను తక్కువే చూశాను.

మార్పు చేయడం పైకి తేలికే. బిఫోర్ అన్నచోట బిఫోర్‌ఈచ్, ఇగ్నోర్ అన్నచోట డిజేబుల్డ్, రన్‌విత్ అన్నచోట ఎక్స్‌టెండ్‌విత్. ఓపెన్‌రీరైట్ లాంటి పనిముట్లు ఇందులో చాలా భాగం వాటంతట అవే చేసేస్తాయి. పొరపాటు ఉన్నచోట ఎర్రగా వస్తే ఇబ్బంది లేదు, ఎక్కడ తప్పిందో అదే చూపిస్తుంది. కష్టమంతా ఏమీ తప్పనట్టు వచ్చే పచ్చతోనే.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి, "అన్నా, మొత్తం గ్రీన్ వచ్చింది, మెర్జ్ చేసేద్దామా?" అంది.

"టెస్టులు ఎన్ని నడిచాయో చూడమ్మా," అన్నాను.

లాగ్‌లో పైకి వెళ్లి చూసింది. టెస్ట్స్ రన్: 0. కింద మాత్రం బిల్డ్ సక్సెస్.

మేవెన్ అనే బిల్డ్ టూల్‌లో టెస్టుల్ని నడిపేది ష్యూర్‌ఫైర్ అనే ప్లగిన్. 2018లో వచ్చిన 2.22.0 నుంచే అది జేయూనిట్ ప్లాట్‌ఫారమ్‌ను నేరుగా గుర్తిస్తుంది. పామ్ ఫైల్లో మనం వెర్షన్ రాయకపోతే పాత మేవెన్ 3లు 2.12.4ను తెచ్చుకునేవి. దానికి జూపిటర్ టెస్టులు కంటికే ఆనవు. ఏదీ నడవలేదు కాబట్టి ఏదీ తప్పలేదు, బిల్డ్ పాసైపోయింది. మరో బిల్డ్ టూల్ గ్రేడిల్ సంగతీ అంతే. 2018లోనే 4.6తో ఆ సదుపాయం వచ్చింది. కానీ ప్లాట్‌ఫారమ్ వాడమని బిల్డ్ ఫైల్లో ఒక లైను రాయాలి. అందుకే ఫ్రేమ్‌వర్కునూ బిల్డ్ టూల్‌నూ వేరువేరు పనులుగా ఇద్దరికి పంచడం నాకు నచ్చదు. రెండూ ఒక్కరి చేతిలో ఉంటేనే మంచిది.

ఇంతకన్నా లోతుగా దాక్కునేవి ఉన్నాయి. జేయూనిట్ 4లో టెస్టు తప్పితే చూపించాల్సిన సందేశం మొదట రాసేవాళ్లం. జూపిటర్‌లో అది చివరికి వెళ్లింది. మూడు విలువలూ స్ట్రింగులే అయితే, ఇంపోర్ట్ ఒక్కటి మార్చినా కంపైలర్ నోరు మెదపదు. "ఇవి రెండూ సమానం" అని చూసే అసర్ట్ ఈక్వల్స్ అయితే వెంటనే తప్పి దొరికిపోతుంది. "సమానం కాదు" అని చూసే అసర్ట్ నాట్ ఈక్వల్స్ మాత్రం దొరకదు. అక్కడ మన సందేశాన్ని ఒక విలువతో పోల్చి, రెండూ వేరే కదా అని పాస్ చేసేస్తుంది. అసలు పరీక్షించాల్సిన విలువ వంక అది చూడనే చూడదు. ఇక ఆ టెస్టు ఎప్పటికీ పచ్చగానే ఉంటుంది.

అలాగే టెస్ట్ అనోటేషన్ జూపిటర్‌దై, పక్కనున్న బిఫోర్ పాతదిగా మిగిలిపోతే ఆ ముందస్తు ఏర్పాటు జరగదు. డేటా ఏమీ లేకుండానే పాసయ్యే టెస్టయితే ఆ సంగతి బయటపడదు.

తక్కెడ కొత్తది తెచ్చినప్పుడు దాని మీద ముందుగా బరువు తెలిసిన రాయే పెట్టి చూస్తాం. నేను ఇక్కడా అదే చేయమంటాను. మైగ్రేషన్ అయిన ప్రతి మాడ్యూల్లో అసలు కోడ్‌ను కావాలని ఒకచోట చెడగొట్టాలి. కూడిక ఉన్నచోట తీసివేత పెట్టి బిల్డ్ నడపాలి. ఎర్రగా వస్తే టెస్టులు బతికున్నట్టే. రాకపోతే కూర్చుని వెతకాలి. ఇది గంటల తరబడి పట్టే పని, స్ప్రింట్ బోర్డు మీద దీనికి పాయింట్లు అడిగితే మేనేజర్లకు వింతగా ఉంటుంది. అయినా అడగాలి. జీతం లెక్కలో, మందు మోతాదు లెక్కలో తప్పు పట్టుకోవాల్సిన టెస్టు నోరు పోయి పడి ఉంటే, ఆ తప్పు వెళ్లి తగిలేది మన మొహం ఎన్నడూ చూడని మనుషులకు.

ఈ మార్పులో పాత టెస్టుల లోపాలు కూడా బయటికొస్తాయి. జేయూనిట్ 4లో ఫలానా ఎక్సెప్షన్ రావాలి అని అనోటేషన్‌లో రాస్తే, అది మెథడ్‌లో ఏ లైన్లో వచ్చినా టెస్టు పాసయ్యేది. అసర్ట్ త్రోస్ కిందికి ఒక్క లైను మార్చి రాయగానే, చాలా ఏళ్లుగా అది అసలు పరీక్షకు ముందు ఏర్పాట్ల లైన్లోనే పగిలిపోతోందని తెలుస్తుంది. ఇలాంటి టెస్టు ఒక్కటి దొరికినా ఈ శ్రమ దండగ కాదంటాను.

అందుకని రివ్యూకి వచ్చే పుల్ రిక్వెస్ట్‌లో మాడ్యూల్ వారీగా రెండు అంకెలు అడుగుతాను. మార్చకముందు ఎన్ని టెస్టులు నడిచాయి, మార్చాక ఎన్ని నడిచాయి. తేడా ఒక్కటున్నా కారణం రాయాలి. ఆ అమ్మాయి ఇప్పుడు నేను అడక్కముందే ఆ పట్టిక పెడుతోంది, తోటివాళ్ల దగ్గరా పట్టుబట్టి పెట్టిస్తోంది.

2025 సెప్టెంబరులో జేయూనిట్ 6 వచ్చింది. దానికి జావా 17 ఉండి తీరాలి. వింటేజ్‌ను ఇక వదిలేయాల్సిన వాటి జాబితాలో చేర్చారు. దాని నీడన ఇన్నాళ్లూ దాచుకున్న పాత టెస్టుల్ని మా దగ్గరా ముందు జూపిటర్‌లోకి తేవాలి. జావా 8 మీద నడుస్తున్న సర్వీసుల సంగతి ఆ తర్వాత.