సోనాపూర్‌లో నవమి

మాది పలివెల. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా డెల్టా కాలవ గట్ల మీదే గడిచింది. 1986 ఆగస్టు వరదలో రాత్రింబవళ్ళు గట్టు మీద ఇసక బస్తాలు వేయించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా ఇంటి పెంకులన్నీ లేచిపోతే, మా ఆవిడ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మంచం కింద దూరింది. ఆ పిల్లాడే ఇప్పుడు షార్జాలో ఉంటున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, 2024 ఏప్రిల్ 16న ఏం జరిగిందని మా వీధిలో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అడిగిన వాళ్ళందరికీ ఒకసారే చెప్పినట్టుంటుందని రాస్తున్నాను.

గురువారం రాత్రికి మా తిరుగు విమానం. అబుదాబిలో కొత్తగా కట్టిన హిందూ ఆలయం ఆ ఫిబ్రవరిలోనే మొదలైంది. అది చూడకుండా ఊరికి రానని మా ఆవిడ పట్టుబట్టింది. రంజాన్ సెలవుల్లో కూడా డ్యూటీ చేసినందుకు మావాడికి మంగళవారం సెలవిచ్చారు. గుడికి ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలంటే అదీ చేశాడు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడం, మర్నాడు బుధవారం శ్రీరామనవమి ఇంట్లో చేసుకోవడం. ఇదీ అనుకున్నది.

వాన వస్తుందని సోమవారమే ఫోన్లకి హెచ్చరికలు వచ్చాయి. మనవరాలి స్కూలు ఆన్‌లైన్‌లో పెట్టారు. రాత్రంతా ఉరుములే. తెల్లారాక కాస్త తెరిపిచ్చింది. ‘ఇక్కడి వాన గంటసేపు కూడా ఉండదు నాన్నా’ అన్నాడు మావాడు. కోడలు పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దింది. అయిదుగురం బయల్దేరాం.

జెబెల్ అలీ దాటామో లేదో, ముందున్న కారు కనపడకుండా పోయింది. అందరూ నాలుగు వైపులా లైట్లు ఆర్పి వెలిగిస్తూ నత్తనడక నడుస్తున్నారు. గుడి మాట ఎవరూ ఎత్తలేదు. వీలున్న చోట వెనక్కి తిప్పేశాడు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం దాటాక ఆకాశం ఆకుపచ్చగా మారింది. ఆ వీడియోలు తరవాత ఫోన్లలో చాలామంది చూసే ఉంటారు. నేను అంతకు ముందెప్పుడూ అలాంటి ఆకాశం చూడలేదు, తుపాన్లలో కూడా.

నా కళ్ళు మాత్రం రోడ్డు పక్కనే ఉన్నాయి. అటు ఆరు వరసలు, ఇటు ఆరు వరసలు, అద్దంలాంటి రోడ్డు. పక్కన కాలవ లేదు, బోదె లేదు. నీరు ఎక్కడికి పోవాలి? మనకి గోదావరి ఎంత పెద్దగా వచ్చినా చెప్పి వస్తుంది. భద్రాచలంలో మట్టం చూసి, మాకు ఎప్పటికి వస్తుందో లెక్క కట్టేవాళ్ళం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల వాళ్ళు దాన్ని బట్టి గొడ్లను తోలుకుని మెరక చేరతారు. వచ్చిన నీటికి సముద్రం దాకా దారుంది. ఇక్కడ కురిసిన నీళ్ళు కురిసిన చోటే నిలబడి పెరుగుతున్నాయి. దుబాయ్ విమానాశ్రయం దగ్గర ఏడాది పొడుగునా కురిసేది సగటున 95 మిల్లీమీటర్ల లోపు. ఆ ఒక్కరోజులో 142 కురిసిందట. అల్ ఐన్ వైపు ఒక చోట 254. వాళ్ళు లెక్కలు రాయడం మొదలెట్టిన 1949 నుంచి అంత వాన లేదు.

షార్జా ఇంకా కొంత దూరముందనగా రోడ్డు పల్లంలోకి దిగింది. మా కారు ఆగిపోయింది. మావాడు మళ్ళీ తాళం తిప్పలేదు. తిప్పితే ఇంజను నీళ్ళు పీల్చేస్తుందట. ముందు అద్దాలు నాలుగూ దించేశాడు. కరెంటు పోతే ఇంక దిగవని అప్పుడు చెప్పాడు. ‘ఏవండీ, కాళ్ళ కిందికి నీళ్ళొచ్చేశాయి’ అంది మా ఆవిడ. తలుపు తోస్తే రాలేదు. బయటి నీటి బరువు. కిటికీలోంచి ముందు వాడు దూరాడు, పాపని అందుకుని మెడ మీద ఎక్కించుకున్నాడు. తరవాత కోడలు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. నేను లోపల్నుంచి ఎత్తాను, వాడు బయటినుంచి లాగాడు. ఆవిడ చెయ్యి కిటికీ అంచుకి గీరుకుపోయింది. ఆఖర్న నేను. మొలలోతు నీళ్ళు. ఇద్దరు ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు ఆ వానలో కారులోనే ఊపిరాడక పోయారని తరవాత పేపర్లో చదివాం. ఆ కబురు మా ఆవిడకి ఇంటికొచ్చేదాకా చెప్పలేదు.

రోడ్డు మధ్య గోడ పట్టుకుని నడిచాం. ఎంతసేపో తెలీదు. చీకటి పడింది. ఒక టిప్పరు డ్రైవరు, పెషావర్ వైపు పఠాను, ఆపి ఆడవాళ్ళనీ పాపనీ క్యాబిన్‌లో ఎక్కించుకున్నాడు. మేమిద్దరం వెనక తొట్టిలో నిలబడ్డాం. డబ్బులివ్వబోతే ఉర్దూలో ఏదో కసిరాడు. ఇంక ముందుకు బండి పోదనగా సోనాపూర్ దగ్గర దింపాడు. కాగితాల్లో దాని పేరు ముహైస్నా. మనవాళ్ళందరికీ సోనాపూరే. లేబర్ క్యాంపులు.

క్యాంపుల్లోకి ఆడవాళ్ళని రానివ్వరు. గేటు దగ్గర నేను ‘బాబూ, తెలుగు వాళ్ళెవరైనా ఉన్నారా’ అని అరిచాను. నలుగురైదుగురు వచ్చారు. జగిత్యాల వాళ్ళు. వాచ్‌మన్‌తో వాళ్ళే మాట్లాడి, మేడ మీది గది ఖాళీ చేసి ఇచ్చారు. ఆ గదిలో పడుకోవాల్సిన వాళ్ళు ఆ రాత్రి వరండాలో కూర్చున్నారు. ‘ఏం కాదు పెద్దమ్మా, పండుకో’ అంటూ ఒకతను తన దుప్పటి తెచ్చి మా ఆవిడకి కప్పాడు. ఆవిడ ఏడ్చింది ఆ రోజు మొత్తం మీద అప్పుడొక్కసారే.

అసలు భయం నాకు అప్పుడు మొదలైంది. ఆవిడకి షుగరు, బీపీ. పొద్దున్న వేసుకునే మాత్రలు వేసుకునే వచ్చింది, రాత్రివి ఇంట్లో ఉన్నాయి. మందుల షాపులన్నీ మూసేశారు. దుప్పటిచ్చినతను గదిలోంచి ఒక పట్టీ తెచ్చాడు, మెట్‌ఫార్మిన్ 500. అదే మందు. ఊళ్ళో కొని తెచ్చుకుంటాడట, అక్కడ ఖరీదని. అతనికి నలభై కూడా నిండి ఉండవు. అప్పుడే షుగరు. బీపీ మాత్ర దొరకలేదు. పులిహోర డబ్బా కారులోనే మునిగింది. వాళ్ళు పెట్టిన రొట్టె, పప్పు తిన్నాం.

తెల్లారి నవమి. క్యాంపులో బెల్లం లేదు. పంచదార నీళ్ళలో మిరియాల పొడి కలిపి, ఫోన్లో రాముడి బొమ్మకి చూపించి, గ్లాసులతో అందరికీ పంచారు. మా కొప్పేశ్వరస్వామి గుడి దగ్గరి పందిరి గురించి మనవరాలు అడిగితే, తోచినంత చెప్పాను.

మధ్యాహ్నానికి కొంత నడిచి, కొంత ఎవరి బండో ఎక్కి షార్జా చేరాం. ఇంటి వీధి చెరువైపోయింది. మామూలు నీరు కాదు, మురుగు కలిసింది, వాసన. కరెంటు లేదు, లిఫ్ట్ లేదు, పంపులు లేక కుళాయిల్లో నీళ్ళు రావు. అయిదో అంతస్తుకి మా ఆవిడని మెట్టు మెట్టుకీ కూర్చోబెట్టి ఎక్కించాం. ముందు మాత్రలు వేయించాను. ప్లాస్టిక్ పడవల మీద కుర్రాళ్ళు, ఎక్కువమంది మలయాళీలు, కింద నిలబడి కేకేస్తే తాళ్ళకు బుట్టలు కట్టి దించేవాళ్ళం. అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు పెట్టేవాళ్ళు. గోదావరి వరద తీసేశాక మట్టి మిగులుతుంది, కడుక్కుంటాం. ఈ నీళ్ళు తీయలేదు. ట్యాంకర్లు పెట్టి తోడుతుంటే రోజులు పట్టింది. మేఘాల్లో మందు చల్లడం వల్లే ఇంత వాన అని అపార్ట్‌మెంట్లో అందరూ అన్నారు. ఆ తుపానులో తాము చల్లలేదని అక్కడి వాతావరణ శాఖ చెప్పింది. నా మటుకు నాకు వాన ఎందుకొచ్చిందన్నది కాదు, వచ్చాక పోయే దారి ఏదన్నదే ప్రశ్న. ఆ జూన్‌లో దుబాయ్ ప్రభుత్వం 3,000 కోట్ల దిర్హాములతో వాన నీటి కాలవల పథకం ప్రకటించింది. 2033కి పూర్తి చేస్తారట. మనవాళ్ళు డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయడానికి ఏటా ఎంత గింజుకుంటారో తెలిసినవాణ్ణి కాబట్టి, వాళ్ళు పూడిక తీయడానికి ఏం ఏర్పాటు చేస్తారో చూడాలనుంది.

గురువారం విమానం లేదు. రెండు రోజుల్లో 1,244 సర్వీసులు రద్దు చేశారట. చాలా ఆలస్యంగా, వేరే టికెట్ల మీద వచ్చాం.

కారు సెకండ్‌హ్యాండ్‌లో, స్నేహితుల దగ్గర అప్పు చేసి కొన్నది. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీదే కాబట్టి పైసా రాలేదు. తుక్కు కింద అమ్మేశాడు, అప్పు ఇంకా తీరుస్తున్నాడు. ఆ గుడి మేం చూడనే లేదు. మళ్ళీ వెళ్దామంటోంది మా ఆవిడ. డిసెంబరులో అయితే ఆలోచిద్దాం, ఏప్రిల్‌లో మాత్రం వద్దన్నాను.