ముసుగేసుకున్న ఇళ్లు!

2010 తర్వాత చాన్నాళ్లపాటు, కంప్యూటర్లో బెర్లిన్ వీధులు చూసినవారికి ఓ వింత కనిపించేది. వరసగా నాలుగు ఇళ్లు కిటికీలతో సహా స్పష్టంగా ఉండేవి. ఐదోది మాత్రం మంచు కమ్మేసినట్టు మసకమసగ్గా!

వీధుల్ని ఫొటోల్లో చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ జర్మనీలోని 20 పెద్ద నగరాలకు వస్తోందనగానే 'మా ఇల్లు చూపించొద్దు' అంటూ 2 లక్షల 44 వేలకు పైగా కుటుంబాలు దరఖాస్తు పెట్టుకున్నాయి మరి. అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే బెర్లిన్‌లోని స్టాసీ మ్యూజియానికి వెళ్లాలి. ఒకప్పటి తూర్పు జర్మనీ రహస్య పోలీసుల ప్రధాన కార్యాలయమది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఏం మాట్లాడుకున్నారు... అన్నీ రాసిపెట్టేవారు. ఆ ఫైళ్లన్నీ వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు! 1992 నుంచి ఎవరి ఫైలు వాళ్లు చదువుకునే వీలు కల్పిస్తే, తమ గుట్టు చేరవేసింది స్నేహితులేనని తెలిసి కుమిలిపోయినవారెందరో.

అలాగని అందరిదీ ఒకే మాట కాదు. బవేరియాలోని ఓబర్‌స్టౌఫెన్ అనే ఊరివాళ్లు పర్యటకులు వస్తారన్న ఆశతో కేకు చేసి మరీ స్ట్రీట్ వ్యూని ఆహ్వానించారు. ఎసెన్ నగరంలోనేమో మసకేయించుకున్న ఇళ్లమీద ఆకతాయిలు కోడిగుడ్లు విసిరారు. దాచుకోవడమే వాళ్లని నలుగురి కంట్లో పడేసింది!

2023లో కొత్త ఫొటోలు రావడంతో పాత ముసుగులు తొలగిపోయాయి. వద్దనుకునేవారు మళ్లీ అడగాల్సిందే. పనెక్కువే అయినా, ఇంటి బొమ్మను ఊరందరికీ చూపాలో వద్దో తేల్చాల్సింది ఇంటివాళ్లేనన్నది అక్కడివారి పట్టుదల.