తీర్థమలై దారిలో శిస్తు కథ

చెన్నపట్నం నుంచి సేలం పోయే రైలులో మొరప్పూరు దగ్గర దిగి బస్సెక్కితే హరూరు చేరవచ్చును. ధర్మపురి జిల్లాలో ఇదొక తాలూకా కేంద్రం. పక్కన వాణియారు, ఒక దిక్కున చిత్తేరి కొండలు, మరొక దిక్కున తీర్థేశ్వరస్వామి వెలసిన తీర్థమలై. కొండమీద రాతి చరియనుంచి పడే రామతీర్థంలో తల తడుపుకొని యాత్రికులు తిరిగి వస్తారు. అరవసీమ అయినా, ఈ జిల్లాలో మన తెలుగు ఇళ్లు తక్కువేమీ కావు.

కొండ దిగేవారు చుట్టూ వున్న పొలాలను కూడా ఒకసారి చూడవలెను. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను బారామహలును, సేలం సీమను కుంపినీవారికి ఇచ్చివేశాడు. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో వచ్చి, పొలం పొలం కొలిపించి, జమీందారు మధ్య లేకుండా రైతుతోనే శిస్తు మాట్లాడుకొన్నారు. రైతువారీ పద్ధతి మొలకెత్తినది ఇక్కడనే. మన్రో తరువాత మన దత్తమండలానికి వెళ్లాడు.

అప్పటికి మూడేళ్ల క్రితమే, 1789లో, ఫ్రాన్సు తిరగబడినది. అక్కడ సమాజం మూడు శ్రేణులు: మతాచార్యులు, ప్రభువులు, మిగిలిన జనమంతా. మొదటి రెండు శ్రేణులకు పన్నులలో చాలావరకు మినహాయింపు. భూమిపన్ను, ఉప్పుపన్ను బరువంతా మూడవ శ్రేణి నెత్తిన పడేది. పార్లమెంటు అనే పేరు అక్కడ న్యాయస్థానాలది. ప్రజల సభ కాదు. మూడు శ్రేణుల మహాసభను 1614 తరువాత మళ్లీ పిలిచినది 1789లోనే.

మనకూ శిస్తులేని ఇనాములు, మాన్యాలు వుండేవి. కాని వాటిలో అనేకం గుడికో, గ్రామసేవకో ప్రతిఫలంగా ఇచ్చినవి గనుక, రెండూ ఒకటే అనరాదు. పోలిక కుదిరేది మరొకచోట: పన్ను కట్టేవాడికి పన్ను వేసేచోట నోరు లేదు. దత్తమండలంలో శిస్తు నాలుగోవంతు తగ్గించమని మన్రో 1807లో వ్రాసినా పైవారు వినలేదు. 1820లో తానే గవర్నరయితేగాని అది జరగలేదు.

ఆ నోరు తెరిపించినవాడు మన తెలుగువాడే, గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, రైతుల బాధలు వ్రాసి లండను పార్లమెంటుకు అర్జీ పంపించాడు. ఆ సభ సభ్యుడు డాన్బీ సేమూర్ 1853లో ఇక్కడికి రాగా, ఆయనను వెంటబెట్టుకొని పల్లెలు చూపించాడు. శిస్తు రాబట్టడానికి రైతులను చిత్రహింసలు పెడుతున్నమాట నిజమేనని 1855లో విచారణ సంఘం తేల్చినది.

తన పొలం శిస్తు సంగతి చెప్పుకొనేందుకు రైతు మొర సముద్రం దాటవలసి వచ్చినది. ఆడ, మగ, పేద, గొప్ప తేడా లేకుండా వయస్సు వచ్చినవారందరికీ ఓటు దొరికినది 1951-52 ఎన్నికలలోనే. రీడ్ దొర గొలుసు పట్టి కొలిపించిన నాటికి, ఆ ఎన్నికల నాటికి మధ్య సుమారు నూట అరవై ఏళ్లు గడిచినవి.