అమ్మ పాట... ఫ్యాన్ చప్పుడు

'థైరాయిడ్ ఆపరేషన్‌కి భయపడాల్సిందేమీ లేదు. కాకపోతే స్వరపేటికను నడిపే నరం ఆ గ్రంథి వెనకనుంచే వెళుతుంది. అరుదుగా కొందరికి గొంతు కాస్త మారొచ్చు' అన్నారు డాక్టరు. ఆయన మామూలుగానే చెప్పారు. అమ్మ కూడా మామూలుగానే విన్నది. నాకే ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అమ్మ గాయనేం కాదు. ఏనాడూ రేడియోలో పాడలేదు. కానీ మా చుట్టాల్లో ఎవరి పెళ్లయినా నలుగు పాటకీ, అప్పగింతల పాటకీ అమ్మే దిక్కు. ఇక లాలిపాటలంటారా... అవి అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మకొచ్చినవి. వాటిని ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. ఆస్పత్రిలో చేరడానికి తొమ్మిది రోజులుంది. ఈలోగా అన్నిటినీ రికార్డు చేసేయాలనుకున్నా.

స్టూడియోకి వెళ్దామంటే 'ఆ గాజు గదిలో నాకు నోరు పెగలదే' అంది అమ్మ. సరే, ఇంట్లోనే చేద్దామని మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె ఒకటి కొన్నా. ఒకటికి రెండుంటే మంచిది కదా అని మైకులు రెండు తెచ్చా. అక్కడే తప్పులో కాలేశా!

ఆ సాయంత్రం అమ్మ హాల్లో కూర్చుని ఏడు పాటలు పాడింది. నా కళ్లు చెమర్చాయి కూడా. తీరా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే... పాటకన్నా ముందు ఫ్యాన్ వినపడింది. దానికి తోడు ఫ్రిజ్ మోటారు. వాటి అడుగున సన్నగా, ఆగకుండా 'గుయ్‌య్...'మని మరో మోత. మన చెవి గడుసుది. రోజూ వినే చప్పుళ్లను పక్కన పెట్టేస్తుంది. మైకుకి ఆ తెలివి ఎక్కడిది? గదిలో ఏది ఉంటే అది ఎత్తుకుంటుంది.

దానికీ మందుందిలే అనుకున్నా. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. పాట లేని చోట వినిపించే ఫ్యాన్ చప్పుడు కాస్త దానికి చూపిస్తే, మొత్తం పాటలోంచి దాన్ని తీసేస్తుంది. తీసేసింది కూడా. పనిలో పనిగా అమ్మ గొంతులోంచీ కొంత పట్టుకుపోయింది. 'హ', 'స', 'శ' అక్షరాల్లో ఉండేదీ ఫ్యాన్ గాలి లాంటి చప్పుడేగా! మంగళ హారతి కాస్తా మంగళ ఆరతి అయింది. అమ్మ నీళ్లలో మునిగి పాడుతున్నట్టుంది.

సర్లే, అసలుదే ఉంచుదామని అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపా. వాడు వెంటనే ఫోన్ చేశాడు. 'అమ్మ గొంతేంటక్కా, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది? ఒంట్లో ఎలా ఉంది?' అని ఒకటే కంగారు. నా హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉందే! ఫోన్ స్పీకర్‌లో పెట్టి విన్నా. వాడన్నది నిజమే. పైగా అమ్మ గొంతు వస్తూ పోతూ, ఉయ్యాల ఊగుతోంది.

ఈ చిక్కుముడి విప్పింది మా పక్క ఫ్లాట్ కుర్రాడు. షార్ట్ ఫిల్ములకు సౌండ్ పని చేస్తుంటాడు. మైకులు ఎక్కడెక్కడ పెట్టానో అడిగి, 'ఇది ఫేజ్ సమస్య అక్కా. ఉయ్యాలని ఇద్దరు ఊపుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకేసారి తోస్తే పైకెళుతుంది. ఒకరు తోసేటప్పుడు ఇంకొకరు లాగితే ఆగిపోతుంది కదా... అంతే' అన్నాడు.

శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. నా రెండో మైకు మొదటి దానికన్నా అమ్మకి ఇంచుమించు అంతే ఎక్కువ దూరంలో ఉంది. అంటే అమ్మ పాట దానికి ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతోంది. సెకనుకి 500 సార్లు కంపించే స్వరం ఒకసారి పైకెళ్లి కిందికి రావడానికి పట్టేది 2 మిల్లీసెకన్లు. అందువల్ల ఒక మైకులో అల పైకి లేచే వేళకి రెండోదాంట్లో కిందికి దిగుతోంది. రెండిటినీ కలిపితే ఆ స్వరం చాలావరకు చెరిగిపోతుంది. వెయ్యి సార్లు కంపించేదేమో ఇంకా బలపడుతుంది. కొన్ని పోయి, కొన్ని పెరిగి... అదీ రేకు డబ్బా కథ. హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవికి ఒక మైకు, ఇంకో చెవికి ఇంకోటి వినపడుతుంటే నాకు తెలియలేదు. ఒక్క స్పీకరున్న ఫోన్‌లో రెండూ కలిసేసరికి బండారం బయటపడింది.

'ఒక ట్రాకుని మిల్లీసెకను ముందుకి జరిపితే సరి' అన్నాడు. జరిపి చూశాం. ఒక చరణం బాగైంది, ఇంకోటి పాడైంది. లాలిపాట పాడేటప్పుడు అమ్మ ఒళ్లో బిడ్డ ఉన్నట్టే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ రెండు మైకులతో దూరం మారుతుంది. ఇక దేన్ని ఎంతని జరుపుతాం? పోనీ అల తలకిందులు చేసే మీట నొక్కుదామా అంటే, అది వైరు అటూ ఇటూ అయినప్పుడు పనికొస్తుంది కానీ ఆలస్యాన్ని సరిచేయదట. 'ఇద్దరు పాడితే రెండు మైకులు కావాలి. అప్పుడైనా నోటికీ మైకుకీ ఎంత దూరముందో దానికి మూడు రెట్లు ఎడం మైకుల మధ్య ఉండాలి. పెద్దమ్మ ఒక్కరే కదా... ఒకటి తీసేయండి' అన్నాడు. డబ్బు పెట్టి కొన్నది తీసేయడమే వైద్యమన్నమాట!

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మళ్లీ మొదలుపెట్టాం. వీధిలో హారన్లు లేవు. ఫ్యాన్ ఆపాం. ఫ్రిజ్ ఆపి, మళ్లీ వేయడం మర్చిపోకుండా స్కూటర్ తాళాలు అందులోనే పెట్టా. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే ఆ 'గుయ్' మాయమైంది. అది మనింట్లో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు మోతేనట. ఖాళీ గోడలకు తగిలి గొంతు తిరిగి రాకుండా అమ్మ వెనక పరుపు నిలబెట్టి, పక్కన బొంతలు వేలాడదీశాం. మైకు వెనకవైపు వినికిడి తక్కువ కాబట్టి దాని వీపు కిటికీ వైపు తిప్పాం. ముందు అడుగు దూరంలో పెట్టిన మైకుని జానెడు దూరానికి తెచ్చాం. దూరం సగమైతే మైకులో గొంతు బలం రెట్టింపవుతుంది, గది చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. 'ప', 'బ' అన్నప్పుడు గాలి తగలకుండా కాస్త పక్కకి జరిపాం.

మిగిలింది అమ్మ గాజులు. 'తీసేయమ్మా' అంటే, 'ఆపరేషన్ ముందు గాజులు తీయిస్తావుటే?' అని కసిరింది. చివరికి వాటిమీద నాన్న చేతిరుమాలు చుట్టుకుంది. చెమటలు కారుతున్నా ఊగకుండా, ఉక్కిరిబిక్కిరవుతూ పదకొండు పాటలు పాడింది. ఆ రాత్రి తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. ముక్కు ఎగబీల్చడం మాత్రం వినపడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ మాట తిరిగొచ్చింది. పై స్వరం మాత్రం ఇంకా అందడం లేదు. 'కొంత టైం పడుతుంది' అన్నారు డాక్టరు. మొన్న నా పక్కన కూర్చుని తన పాటలు తనే వింది. చివరి లాలిపాటలో రుమాలు జారిపోయినట్టుంది, గాజులు గలగలమంటాయి. కుర్రాడు ఎప్పుడో చెప్పాడు, కావాలంటే తగ్గిస్తానని.

'ఆ చప్పుడు తీయించనామ్మా?' అడిగా.

'చప్పుడేంటే... నిన్ను జోకొట్టేటప్పుడూ అలాగే మోగేవి' అంది.

ఆ ఒక్కటీ ఉంచేశాం.